నక్కా వారి వన్స్ మోర్

నోరిచ్చిన భగవంతుడు గాడిదకూ ఇచ్చాడు, కోడికీ ఇచ్చాడు, మనకూ ఇచ్చాడు. ఎవరి నోట ఏం పలికించుకుంటాడో ఆ స్వామికే ఎరుక. ఆయన్ని ఒక్కసారి తలుచుకుని, వెనకున్నవాళ్ళు కాస్త ముందుకు జరిగి కూచుంటే కథ మొదలెడతాను. చంటిపిల్లల్ని ఒళ్ళో పెట్టుకోండి. ఇది వాళ్ళ బడి కథే.

ఒక పల్లె శివార్లో, రైతు వాడడం మానేసిన పొగాకు బ్యారన్ ఒకటి ఉండేది. పచ్చి పొగాకును వేడికి ఆరబెట్టడానికి కట్టిన నాలుగు గోడల గది అది. ముందు ఒకే ఒక్క తలుపు. వెనక గోడకు కింద, ఒకప్పుడు మంట పెట్టిన పొయ్యి కన్నం. ఆ గదిలో కోడిపిల్లల బడి. పిల్లలు పదకొండు మంది. మేష్టారు గాడిద, పేరు బరువయ్య.

గాడిద మేష్టారేమిటని నవ్వకండి. ఎవరైనా నవ్వితే బరువయ్య మేష్టారు కోప్పడేవారు కాదు. తల కొంచెం ఎత్తి, "వసుదేవుడంతటివాడు మావాళ్ళ కాళ్ళు పట్టుకున్నాడు నాయనా, మీవాళ్ళవి ఎవరు పట్టుకున్నారు?" అనేవారు. నవ్వినది కోడి అయితే అక్కడితో నోరు మూసుకునేది. కోడి కాళ్ళు ఎవరు పట్టుకున్నా నమస్కారానికి కాదు కదా.

వయసులో ఉండగా మూటలు మోశారు, ముసలితనంలో చదువు మోస్తున్నారు. అలవాటైన పని కనుక చదువునూ మోతలాగే చెప్పేవారు. పిల్లల వీపున ఎక్కించడం, తాడు బిగించడం, నడవమనడం. పాఠం రానివాణ్ణి ఆయన తిట్టే పెద్ద తిట్టు ఒక్కటే, "ఓరి మనిషీ" అని. ఆ మాట పడిన పిల్ల ఆ పూట గింజ ముట్టేది కాదు.

ఆ బడిలో అన్నిటికన్నా పెద్ద పాఠం నక్క పాఠం. బ్యారన్ దాటితే వాగు, వాగు దాటితే సరుగుడు తోట, తోట నిండా నక్కలు. అందుకని రోజూ పొద్దున్నే పదకొండు గొంతులు ఒక్కటై అరిచేవి:

"నక్క మూతి కోసు. నక్క తోక గుబురు. నక్క మాట తీపి. నక్క కనిపిస్తే పరుగు."

అందరికన్నా గట్టిగా అరిచేవాడు నూకరాజు. బియ్యపు నూకలంటే ప్రాణం పెడతాడని తల్లి మంగతాయమ్మ పెట్టుకున్న పేరది. ఒకనాటి మధ్యాహ్నం వాడు వాగు గట్టుకు పురుగులేరుకోవడానికి వెళ్ళి, పొద్దు వాలేసరికి తోక లేకుండా తిరిగొచ్చాడు. మొహం మాత్రం వెలిగిపోతోంది.

"ఏమైందిరా నూకా, తోక ఏది?" అన్నారు మేష్టారు.

"వాగు దగ్గర ఒక మామయ్య కనిపించాడండి. ఏం చదువుతున్నావు అని అడిగాడండి. నక్క పాఠం అన్నానండి. ఏదీ, అప్పజెప్పు అన్నాడండి."

"చెప్పావా?"

"గడగడా చెప్పానండి. ఒక్క తప్పు లేదు బంగారుకొండా, నూటికి నూరు వేస్తాను, దగ్గరికి రా అన్నాడండి."

"వెళ్ళావా?"

"మార్కులు కదండీ."

మేష్టారి చెవులు రెండూ వాలిపోయాయి. "ఒరే, ఆ మామయ్య మూతి ఎట్లా ఉంది?"

"కోసుగా ఉందండి."

"తోక?"

"గుబురండి."

"మాట?"

"ఎంత తీపో అండి."

"మరి పరిగెత్తలేదేంరా?"

నూకరాజు మేష్టారి వైపు జాలిగా చూశాడు. "తను నక్కనని మామయ్య చెప్పలేదు కదండీ."

ఆ వేళకు గట్టు మీదికి ఎడ్లబండి రాబట్టి పిల్లాడు దక్కాడు, తోక పోయింది. మర్నాడు మంగతాయమ్మ బడికొచ్చింది. రెక్కలు నడుముకు ఆనించి గుమ్మంలో నిలబడితే గాలి కూడా పక్కనుంచి వెళ్ళాలి, అట్లాంటి మనిషి. మనిషి అంటే ఆవిడ ఊరుకోదు గాని, మాటవరసకు.

"మేష్టారూ, మీ చదువు మావాడి తోక తిన్నది."

"అమ్మా, పాఠం మాత్రం బాగానే చెప్పాడమ్మా..."

"చెప్పాడు. ఎవరికి చెప్పాలో వాళ్ళకే చెప్పాడు. ఇంకొక్క పిల్లకు ఇంకొక్క ఈక రాలిందా, పదకొండు మందినీ గంప కింద పెట్టేస్తాం. తల్లులందరిదీ ఇదే మాట. పెద్దయ్యేదాకా బయటికి రానివ్వం."

గంప సంగతి మేష్టారికి తెలుసు. సంతకు ఎన్ని గంపలు మోయలేదు? గంప కింద పెరిగిన కోడికి వెలుతురు తెలియదు, నేల గీరడం తెలియదు. గంప ఎత్తిన చెయ్యే దైవం అనుకుంటుంది. ఆ చెయ్యి ఒకరోజు గింజలు తేకుండా వస్తుంది. పిల్లలు గంప కిందికి పోతే బడి పోతుందనేది చిన్న దిగులు. పిల్లలే పోతారనేది పెద్ద దిగులు.

ఆ దిగులుతో ఆయన గోడకు ఆనుకుని ఉంటే, బయట పిల్లలు ఆడుకుంటున్నారు. తోకలేని నూకరాజు రెక్కలు నడుముకు ఆనించి నిలబడ్డాడు. ఎదురుగా ఇంకో పిల్ల తలకు రెండు ఆముదపాకులు చెవుల్లాగా తగిలించుకుని వంగి నిలబడింది.

"మేష్టారూ, మీ చదువు మావాడి తోక తిన్నది."

"అమ్మా, పాఠం మాత్రం బాగానే చెప్పాడమ్మా..."

మాట పొల్లు పోలేదు. మంగతాయమ్మ మెడ విరుపు, మాట చివర ముక్కు విదిలింపు, మేష్టారి గొంతులో వణుకు, అన్నీ అచ్చు గుద్దినట్టు దిగాయి. ఆముదపాకుల చెవులైతే సరిగ్గా వాలవలసిన చోట వాలాయి.

మేష్టారు నోరు తెరిచి చూశారు. 'ఏడాదిగా నేను అరిచి చెప్పింది నోటి దగ్గరే ఆగిపోయింది. ఆవిడ ఒక్కసారి తిట్టింది ఒంట్లోకి దిగిపోయింది. ఎవరు నేర్పారు? ఎవరూ నేర్పలేదు. ఆడారు, వచ్చేసింది. తల్లీ సరస్వతీ, ఇన్నాళ్ళూ నేను మూటే మోశాను గాని ముడి విప్పలేదే' అనుకున్నారు.

ఆ సాయంత్రమే ప్రకటించారు. ఇకమీదట నక్క పాఠం చదవడం లేదు, ఆడుతున్నాం.

ఆడాలంటే నక్క కావాలి. పిల్లల్లో ఎవరు వేసినా ముక్కు అడ్డం వచ్చింది. మేష్టారే వేశారు. నక్కను చూసి పిల్లలు పారిపోలేదు, చెవులు పట్టుకుని ఉయ్యాల ఊగారు. దాంతో కాకిని పిలిచి, "నక్క వేషానికి మంచి నటుడు కావాలని నాలుగు దిక్కులా చెప్పిరా తల్లీ" అన్నారు. కాకి ఆ మాట నాలుగు దిక్కులా చెప్పింది. సరుగుడు తోట మీద రెండుసార్లు చెప్పింది.

మూడో రోజున వచ్చాడు నటుడు. కోసు మూతి, గుబురు తోక, భుజాన మడిచిన గోనెసంచి. వాడి సంగతి మీకు ముందే చెప్పేస్తాను. అవతలి ఊళ్ళో శ్రీరామనవమి పందిట్లో ఏటా పద్యనాటకాలు ఆడితే, స్టేజీ కింద పడుకుని అన్నీ విన్నవాడు. దేవుడు వాడికి రెండు ఆకళ్ళు పెట్టాడు, ఒకటి పొట్టకు, ఇంకొకటి చప్పట్లకు. మొదటిది తీర్చుకోవడానికి వచ్చాడు.

"నమస్కారం మేష్టారూ. నక్క వేషానికి వచ్చాను."

గుమ్మం దగ్గరున్న మంగతాయమ్మ ముందుకొచ్చింది. "పేరు?"

"నక్కా రంగనాథం."

పిల్లలు నాలుగడుగులు వెనక్కి వేశారు. "నక్కా?" అంది మంగతాయమ్మ.

"ఇంటిపేరమ్మా. మనుషుల్లో లేరూ, పులి వారూ పిల్లి వారూ? పులి వారింటికి వెళ్ళి చూడండి, పులి ఉంటుందా? మిద్దె మీద వడియాలు ఉంటాయి."

నిజమే కదా అన్నట్టు మేష్టారు తలూపారు. మంగతాయమ్మ ఊపలేదు.

"ఆ మూతి?"

"మేకప్పమ్మా."

"తోక?"

"కట్టుడు తోక. పీకకండి తల్లీ, జిగురు ఇంకా ఆరలేదు."

ఇంతలో నూకరాజు మేష్టారి కాలు పొడిచాడు. "మేష్టారండీ, ఈయన అచ్చం ఆ మామయ్యలాగే ఉన్నాడండి."

మేష్టారి కళ్ళు చెమర్చాయి. "అదేరా నటనంటే."

"ఎంతమంది పిల్లలు?" అన్నాడు నక్క, ఏదో మాటల్లో అన్నట్టు.

"పదకొండు."

"పదకొండా. సరిపోతుంది."

"దేనికి?" అంది మంగతాయమ్మ.

"పాత్రలకమ్మా. ఊరికే వేస్తాను, నాకేమీ వద్దు. పసిపిల్లల సేవ దైవసేవ."

"అతి వినయం ధూర్త లక్షణం అన్నారు మేష్టారూ," అంది మంగతాయమ్మ, వాడికి వినపడేట్టే. "నాకెందుకో ఈ మేకప్పు మరీ కుదిరిందనిపిస్తోంది. పిల్లల దగ్గర మీరుంటారు గదా?"

"కదలను తల్లీ."

"కదలొద్దనే నేనూ కోరేది," అన్నాడు నక్క. "తల్లులు మాత్రం వడ్లు ఎండేసిన చోటికి వెళ్ళి కూచోవాలి. పిల్లలకు తల్లి కనిపిస్తే నటన రాదు, ఏడుపొస్తుంది. మేష్టారు తలుపు మూసి, దానికి వీపు ఆనించి నిలబడతారు. శ్రుతి కూడా ఆయనే ఇస్తారు. హార్మోనియం లేని లోటు తీరుతుంది." కాస్త ఆగి, "చుట్టుపక్కల కుక్కలేమైనా ఉన్నాయా? అంటే, కళాభిమానులు ఎవరెవరున్నారో తెలుసుకుందామని," అన్నాడు.

"భైరవయ్య ఉన్నాడు," అన్నారు మేష్టారు. "రైతు గారి బండి కింద పడుకుంటాడు. నేను గొంతెత్తితే అటు తిరిగి పడుకుంటాడు. నా ఓండ్ర విని లేచి రావడం ఎప్పుడో మానేశాడు."

"ఉత్తముడు," అన్నాడు నక్క.

తల్లులు వెళ్ళారు. తలుపు మూశారు. పైన కప్పు సందుల్లోంచి ఎండ పడుతుంటే, నక్క గది నడిమధ్యకు వచ్చి నిలబడ్డాడు.

"పిల్లలూ, నాటకంలో పద్యం నచ్చితే ఏమంటారో తెలుసా? వన్స్ మోర్ అంటారు. అన్నారా, నటుడు మళ్ళీ పాడి తీరాలి. చచ్చిపడిన వేషమైనా సరే, లేచి పాడి మళ్ళీ చావాలి. అది రంగస్థల ధర్మం. మేష్టారూ, శ్రుతి."

బరువయ్య మేష్టారు ఎగ ఊపిరి దిగ ఊపిరి కలిపి శ్రుతి ఇచ్చారు. బండి కింద భైరవయ్య అటు తిరిగి పడుకున్నాడు. నక్క కుడికాలు ముందుకు పెట్టి, తోక ఒక్క ఊపు ఊపి ఎత్తుకున్నాడు:

"అడవి నేలు నటుడ నందరు మెచ్చగా
పాట పాడినంత పక్షి చేరు
తోక యూపినంత తొలగును కష్టముల్
నన్ను మించు నటుడు నాట లేడు"

ఉన్న మాట చెప్పాలి. బాగా పాడాడు. దొంగ గొంతులోనైనా సరస్వతి కాసేపు కూచుంటుంది, ఆ తల్లికి భేదం లేదు. పిల్లలు రెక్కలు కొట్టుకుంటూ "వన్స్ మోర్" అన్నారు. నక్క కళ్ళు అరమోడ్పులయ్యాయి. ఇన్నేళ్ళూ స్టేజీ కింద పడుకుని ఇంకెవరికో అంటుండగా విన్న మాట. మళ్ళీ పాడాడు, ఈసారి తోక రెండుసార్లు ఊపాడు.

తరవాత మాత్రం పనిలో పడ్డాడు. గోనెసంచి విప్పి, వెనక గోడ పక్కన, పొయ్యి కన్నానికి దగ్గరగా పరిచాడు.

"ఇది గ్రీన్‌రూమ్. నటులందరూ ఇందులో ఉండాలి. నేను పేరు పిలిస్తే ఒక్కొక్కరే బయటికి రావాలి. ఊఁ, పదండి."

గ్రీన్‌రూమ్ అనేసరికి పిల్లలు తోసుకుంటూ దూరారు. అందరికన్నా ముందు నూకరాజు. "కాలు తొక్కకు," "నా ఈకలు నలుగుతున్నాయి," "నేను తెర పక్కన కూచుంటా," అని లోపలినుంచి మాటలు. నక్క సంచి మూతి దగ్గరికి లాగి ముడి వేశాడు.

బరువయ్య మేష్టారు ఆ ముడి చూశారు.

గాడిదకేం తెలుసు గంధపు చెక్కల వాసన అంటారు. గంధం తెలియదేమో గాని, మూట సంగతి గాడిదకు తెలిసినట్టు లోకంలో ఎవరికీ తెలియదు. అక్కడికక్కడ విప్పే మూటకు జారుముడి వేస్తారు, ఒక్క కొస లాగితే ఊడొస్తుంది. దూరం మోసే మూటకు మూతిని రెండు మెలికలు తిప్పి, కొసలు కిందికి దోపి బిగిస్తారు. నక్క వేసింది దోపుడు ముడి. రెండు మెలికలు కాదు, మూడు తిప్పాడు.

'ఇది ఇక్కడ విప్పే మూట కాదు,' అనుకున్నారు మేష్టారు. అప్పుడు మూతి మేకప్పు కాదని తెలిసింది. తోక కట్టుడు తోక కాదని తెలిసింది. నూకరాజు కాలు పొడిచి చెప్పింది ఏమిటో తెలిసింది. దొంగ చేతికి తాళాలిచ్చి, పైగా తలుపుకు కాపలా కూడా తనే కాస్తున్నారు.

అరుద్దామంటే తన గొంతుకు కుక్క లేవదు. ఉరుకుదామంటే గది ఈ చివర తను, ఆ చివర వాడు. తను చేరేలోపు మూటను కన్నంలోంచి తోసి వాడూ దూరిపోతాడు. తలుపు తీసి బయటికి పరిగెత్తితే వాడికి ఇంకా మేలు. 'స్వామీ, జన్మంతా బరువులిచ్చావు, మోశాను. ఇవాళ ఒక్క తెలివి ఇవ్వు' అనుకున్నారు.

నక్క మూటను కన్నం దగ్గరికి ఈడ్చాడు. వెనక కాలు ఒకటి అప్పుడే కన్నంలో పెట్టాడు.

"వన్స్ మోర్," అన్నారు మేష్టారు.

నక్క ఆగాడు. ఒక కాలు పొయ్యిలో, మూడు కాళ్ళు రంగస్థలం మీద.

"ఇప్పుడు కాదు మేష్టారూ, రెండో అంకం మొదలవ్వాలి."

"ధర్మం అన్నారు మీరే. పోనీలెండి. ఇంత విద్వత్తును మళ్ళీ ఎప్పుడు వింటాను? ముసలిప్రాణం."

సంచిలోంచి పదకొండు గొంతులు, "వన్స్ మోరండీ, వన్స్ మోర్."

పొట్ట ఆకలి పద అంది. రెండో ఆకలి, ఒక్క పద్యమే కదా, మూట ఎక్కడికి పోతుంది అంది. నక్క కాలు కన్నంలోంచి తీసి, దులుపుకుని, మళ్ళీ నడిమధ్యకు వచ్చాడు. పాడాడు. పాడి, మెప్పు కోసం మేష్టారి వైపు చూశాడు.

మేష్టారు మెచ్చుకోలేదు. తల వంచుకున్నారు.

"ఏం, బాగా లేదా?"

"అయ్యో, బాగుంది. బాగానే ఉంది."

"బాగానే అంటే?"

"ఏం లేదు లెండి. మా చిన్నప్పుడు పెద్ద నటులుండేవారు. ఆఖరి పాదం ఎత్తుకుని, చివరి మాట దగ్గర రాగం తీస్తే అవతలి ఊళ్ళో వినిపించేది. మీకూ వయసు మీద పడింది, ఊపిరి చాలదు. తప్పు కాదు."

"నాకు ఊపిరి చాలదా?"

"పై శ్రుతి అందక కింద పాడుతున్నారేమో అనుకున్నాను. పోనివ్వండి. రెండో అంకం కానివ్వండి."

"నాకు అందదా?" నక్క మెడ మీది రోమాలు లేచాయి. "ఇవ్వండి శ్రుతి. మీకెంత అందితే అంత ఇవ్వండి."

బరువయ్య మేష్టారు ఇచ్చారు. పుట్టి బుద్ధెరిగాక అంత పైకి ఎప్పుడూ ఇవ్వలేదు. కప్పు మీది పెంకు ఒకటి జారింది. నక్క ఎత్తుకున్నాడు. మూడు పాదాలూ పాడాడు, నాలుగో పాదానికి వచ్చాడు. "నన్ను మించు నటుడు నాట లేడూ..." అని రాగం అందుకున్నాడు.

రాగం మొదలైనప్పుడు నాటకంలోనే ఉంది. పైకి పోతున్న కొద్దీ దారి మారింది. మెడ దానంతట అదే నిక్కింది. మూతి కప్పు వైపు లేచింది. కళ్ళు మూతలు పడ్డాయి. ఏడు స్వరాలూ ఒకదాని తరవాత ఒకటి జారిపోయి, పుట్టినప్పుడు తల్లి నేర్పిన ఒక్క స్వరం మిగిలింది.

"ఊఊఊఊఊ..."

వాగవతల సరుగుడు తోటలోంచి నలభై గొంతులు బదులిచ్చాయి, "ఊఊఊఊఊ" అని.

"విన్నారా," అన్నాడు నక్క, కళ్ళు తెరవకుండానే. "అవతలి ఒడ్డున కూడా వన్స్ మోర్ అంటున్నారు." మళ్ళీ ఎత్తుకున్నాడు.

బండి కింద భైరవయ్య ఈసారి అటు తిరిగి పడుకోలేదు. గాడిద పాటకు నిద్రపోవడం నేర్చుకున్నాడు గాని, నక్క ఊళకు నిద్రపోతే వాడు భైరవుడి వాహనం ఎట్లా అవుతాడు? లేచాడు. వడ్ల దగ్గర మంగతాయమ్మ అప్పటికే లేచింది. "భైరవన్నా, బ్యారన్‌లోంచే," అంటూ ముందు పరిగెత్తుతోంది.

లోపల నక్క రాగంలో మునిగి ఉండగా, మేష్టారు తలుపు వదిలి, ఒక్కొక్క అడుగే వేసుకుంటూ, రసావేశంలో తల ఊపుతూ, గోడవార నడిచి వెనకకు వెళ్ళారు. మూటను నాలుగు కాళ్ళ మధ్యకు తీసుకుని, ఇంటి మీద కప్పులాగా నిలబడ్డారు. అప్పుడు తలుపు భళ్ళున తెరుచుకుంది.

నక్క కళ్ళు తెరిచాడు. ముందు భైరవయ్య. వెనక్కి తిరిగాడు. మూట గాడిద కింద. కన్నం ఆ పక్కన. దూరాడు, సగం పట్టాడు. మిగతా సగం పట్టడానికి బరువయ్య మేష్టారు వెనక కాళ్ళతో సాయం చేశారు. ఆ తాపుకు వాడు అవతల పడ్డాడు గాని, ఈలోపు భైరవయ్య తోక అందుకున్నాడు. నోటినిండా బొచ్చు ఊడి వచ్చింది.

మంగతాయమ్మ ఆ బొచ్చును ఎగాదిగా చూసింది. "జిగురు ఆరినట్టుంది," అంది.

భైరవయ్య పళ్ళతో మూట విప్పాడు. పిల్లలు ఒక్కొక్కరే బయటికొచ్చి కళ్ళు చిట్లించారు. మంగతాయమ్మ ముక్కుతో ఒక్కొక్కరినీ తడిమి చూసుకుంది. పదకొండు మంది. ఒక్క ఈక రాలలేదు. అయినా మేష్టారు తల ఎత్తలేదు.

"తప్పు నాదేనమ్మా. పిలిచింది నేను, తలుపు మూసింది నేను. నువ్వు అనుమానించావు, నేను మురిసిపోయాను. పిల్లల్ని తీసుకుపో."

మంగతాయమ్మ కొడుకు వైపు తిరిగింది. "ఒరే నూకా, నక్క అంటే ఏమిటో చెప్పు."

మేష్టారు కళ్ళు మూసుకున్నారు. మూతి కోసు, తోక గుబురు అని మొదలవుతుందనుకున్నారు.

నూకరాజు ఆలోచించాడు. వాడు ఆలోచించడం బడిలో ఎవరూ అంతవరకూ చూడలేదు.

"అమ్మా, మన ఇంటికి ఎవరైనా వస్తే నీ పేరేమిటి బాబూ అంటారు కదా. ఈయన ఒక్కరి పేరూ అడగలేదు. పేరు పిలిస్తే రావాలన్నాడు, పేర్లే తెలియవు. ఎంతమంది అని మాత్రం అడిగాడు. పేరు అడక్కుండా ఎంతమంది అని అడిగేవాడు నక్క."

ఏడాది పాఠంలో ఆ మాట లేదు. మేష్టారు చెప్పలేదు, మేష్టారికే తెలియదు.

"దగ్గరికి రమ్మంటే?" అంది మంగతాయమ్మ.

"మీరే రండి, మా అమ్మ ఉంది అంటాను."

మంగతాయమ్మ ముక్కు ఒకసారి విదిలించి, ఈకలు సర్దుకుంది. "మేష్టారూ, గంప సంగతి తరవాత చూద్దాం. రేపటి నాటకంలో తల్లి వేషం ఎవరేస్తున్నారు?"

"ఇంకా అనుకోలేదమ్మా."

"అనుకోకండి. నేనున్నాను. పద్యాలు మాత్రం తగ్గించండి."

అక్కడ సరుగుడు తోటలో, పొయ్యి మసి పూసుకుని, బోసి తోకతో చెట్టు కింద కూచున్నాడు రంగనాథం. వాడి పెళ్ళాం వచ్చి ఖాళీ చేతులు చూసింది.

"ఏమయ్యా, పొద్దుననగా వెళ్ళావు. ఏమైంది?"

"ఏం చెప్పమంటావే," అన్నాడు నీరసంగా, కాస్త గొప్పగా. "జనం వదల్లేదు."

"అవునులే. తోక చూస్తే తెలుస్తూనే ఉంది."

నీతి: చప్పట్ల కోసం ఆగిన కాలు పరుగుకు పనికిరాదు.